నాన్న నమిలే ఆకు

ఇక్కడ సాయంత్రం అయిదున్నరకు నేను గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని 99 నంబరు బస్సెక్కేసరికి మా ఊళ్లో మర్నాడు ఉదయం ఆరవుతుంది. నాన్న ఫోను చేసే వేళ అదే. వాంకూవర్‌లో అక్టోబరు వాన పట్టుకుంటే ఒకంతట వదలదు. ఆ రోజూ బస్సు అద్దాల నిండా ఆవిరి, తడి గొడుగుల వాసన. ఫోనులో నాన్న మాట ముద్దముద్దగా వినిపించింది.

"ఏం నములుతున్నారు నాన్నా?"

"బిళ్ళగన్నేరు ఆకమ్మా. పరగడుపున నాలుగు నమిలితే షుగరు దిగుతుందట. నెల రోజులైంది మొదలుపెట్టి. మహా చేదు."

నేను దిగవలసిన స్టాపు దాటిపోయింది.

ఆ రోజు పొద్దుటి నుంచి నేను పని చేసింది ఆ ఆకులోంచి వచ్చిన మందుతోనే. దాని పేరు విన్‌క్రిస్టిన్. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు అరవై ఏళ్లుగా వాడుతున్నారు. దాన్ని ముట్టుకోవాలంటే రెండు జతల గ్లౌజులు, వీపు వైపు ముడి వేసే గౌను, ముందు అద్దం ఉన్న గాలి పెట్టె, అందులోకి చేతులు మాత్రం దూర్చి పని. వాడిన గొట్టాలు, చివరికి ఆ గ్లౌజులు కూడా విడిగా డబ్బాలో వేస్తే తీసుకెళ్లి కాల్చేస్తారు. పెద్దవాళ్లకు ఒక్కసారికి ఇచ్చే మోతాదు, మనిషి ఎంత భారీగా ఉన్నా, మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. చిన్న ఆవగింజ బరువు. అది దాటితే నరాలు దెబ్బతింటాయి: వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పాదం పైకి లేవదు, పేగు కదలదు. రక్తనాళంలోకి ఎక్కించవలసినదాన్ని పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం.

ఇవన్నీ బస్సులో నిలబడి, పక్కవాళ్లకు వినపడకుండా, నాన్నకు చెప్పాను. ఆయన నిదానంగా విని, "నువ్వు దాంతోనే కదమ్మా ఉద్యోగం చేస్తున్నావు! మంచిదైతేనే కదా అంత దూరం తీసుకెళ్లి పరిశోధన చేయిస్తున్నారు" అన్నారు. ముప్ఫై రెండేళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషితో వాదన అంత తేలికగా తెమలదు.

తమాషా ఏమిటంటే, నాన్న నమ్మకమే ఈ మందుకు మూలం. 1952లో జమైకా నుంచి క్లార్క్ నోబుల్ అనే కెనడా డాక్టరుకు ఒక కవరులో కొన్ని బిళ్ళగన్నేరు ఆకులు వచ్చాయి. ఇన్సులిన్ దొరకనప్పుడు అక్కడివాళ్లు ఆ ఆకు కషాయం తాగేవారట. ఈ క్లార్క్ నోబుల్ మామూలువాడు కాదు. 1921లో, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ దగ్గర ఆ ప్రయోగాలకు ముందుగా ఎవరు వెళ్లాలని తోటి విద్యార్థి చార్లెస్ బెస్ట్‌తో బొమ్మా బొరుసూ వేసి ఓడిపోయిన విద్యార్థి ఆయనే. ఆకుల్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. తమ్ముడు ఒంటారియోలో ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర ఏమీ తగ్గలేదు. కానీ సూదితో ఎక్కించిన ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోసాగాయి. చూస్తే వాటి తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాల్ని తగ్గించేది రక్త క్యాన్సర్‌కు పనికొస్తుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1958లో ఆ ఆకులోంచి తీసిన విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని ప్రకటించారు. విన్‌క్రిస్టిన్ దాని తోబుట్టువు. నోబుల్ 1960లో ఇక్కడికే, వాంకూవర్‌కు, వచ్చి క్యాన్సర్ పరిశోధన కేంద్రం నడిపాడు. నేను ఈ ఊరు రావడానికి అది కారణం కాదు, వచ్చాక తెలిసింది.

ఉగాది నాడు వాంకూవర్ పక్కనున్న సర్రేలో తెలుగువాళ్లు కలిసినప్పుడు నా పని గురించి ఎవరైనా అడిగితే రెండు మాటలు తప్పనిసరిగా వస్తాయి. మొదటిది, "ఓహో, ఆయుర్వేదమా! మోకాళ్ల నొప్పులకు ఏమైనా ఉందా?" రెండోది, "మన మొక్కల్ని వీళ్లు దోచుకుంటున్నారండీ." బిళ్ళగన్నేరు మనది కాదు, మడగాస్కర్‌ది అంటే పులిహోర పళ్లెం పట్టుకుని అవతలికి వెళ్లిపోతారు. దోపిడీ అనవలసిన కథలు లేకపోలేదు. గాయాలు మాన్పే పసుపు గుణం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. కానీ ప్రతి మొక్కకూ అదే కథ అతికించడం నాకు నచ్చదు.

నేను చేసేది మొక్క పని కూడా కాదు, నిజానికి. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్ ఆకులో ఇంకా అరుదు. అంత కష్టపడి తీసిన మందు రక్తంలోకి వెళ్లగానే అన్ని దిక్కులకూ పారిపోతుంది. చేరవలసిన చోటికి చేరేది కొద్ది, నరాలకు అంటుకునేది మరికొంత. దాన్ని దారి తప్పకుండా తీసుకెళ్లే బండి కట్టడం నా ఉద్యోగం.

ఆ బండి పేరు లైపోసోమ్. చిన్న కొవ్వు బుడగ. కొవ్వు పదార్థాన్ని పులుపు నీళ్లలో, అంటే సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో, 60 డిగ్రీల వేడి మీద కలిపితే చిక్కటి పాలలా అవుతుంది. దాన్ని నైట్రోజన్ ఒత్తిడితో 100 నానోమీటర్ల రంధ్రాలున్న పొరగుండా పదిసార్లు నెట్టాలి. మొదటిసారి మొరాయిస్తుంది. మూడు, నాలుగుసార్లయ్యాక గొట్టంలో దిగేది పలచబడుతుంది. పదోసారికి పాల తెలుపు పోయి, వెలుగుకు ఎదురుగా పెడితే లేత నీలం మెరుస్తుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఆ నీలం కనిపించిన రోజు మధ్యాహ్నం ఆకలి బాగా వేస్తుంది.

ఆ తర్వాత బుడగల బయట ఉన్న పులుపు తీసేసి, లోపలిది అలాగే ఉంచుతాం. ఇప్పుడు మందు కలిపి వేడి చేస్తే, బయట విద్యుదావేశం లేని మందు అణువు కొవ్వు గోడలోంచి లోపలికి జారుతుంది. లోపలి పులుపు తగలగానే విద్యుదావేశం వచ్చి, మళ్లీ గోడ దాటలేక అక్కడే ఉండిపోతుంది. పది నిమిషాల్లో నూటికి తొంభై పాళ్లు లోపల. అమ్మకు ఇది చెబితే, "ఎలుకబోను అను" అంది. విభాగం సమావేశంలో మా ప్రొఫెసరు దీన్ని ఇరవై స్లైడ్లతో చెబుతారు.

ఈ విద్యకు వాంకూవర్ పెట్టింది పేరు. పీటర్ కల్లిస్ అనే శాస్త్రవేత్త బృందం ఇక్కడ దశాబ్దాల పాటు కొవ్వు బుడగల మీద పని చేసింది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను మోసిన కొవ్వు కణాలకు దారి ఇటే పడింది. విన్‌క్రిస్టిన్‌ను బుడగలో పెట్టిన మందూ ఈ ఊరి పరిశోధనే. 2012లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ పెద్దవాళ్లలో పదేపదే తిరగబెట్టిన ఒక రకం రక్త క్యాన్సర్‌కు మాత్రమే. ఆ తర్వాత చేయవలసిన నిర్ధారణ పరీక్షలు పూర్తి కాలేదు. 2022లో మందును వెనక్కి తీసుకున్నారు. మా రంగంలో ఇది కొత్త కాదు. ఎలుకల్లో కణితి రక్తనాళాలకు చిల్లులుంటాయి, బుడగలు అందులోంచి కారి కణితిలో చేరతాయి. మనుషుల్లో ఆ చిల్లులు మనం అనుకున్నంతగా ఉండవు. ఎలుకకు నయం చేయడం మాకు బాగా వచ్చు అని మా ల్యాబ్‌లో ఒక ఇరానీ స్నేహితురాలు అంటుంది, నవ్వకుండా.

వానలేని ఆదివారాల్లో ఆమెతో అడవి బాటల్లో నడుస్తాను. పెద్ద దేవదారు జాతి చెట్ల నీడలో, ఎవరూ పట్టించుకోని వంకర మొక్కలా పసిఫిక్ యూ చెట్టు కనిపిస్తుంది. ఎర్రటి పలచ బెరడు. 1962లో అమెరికాలో సేకరించిన ఆ బెరడులోంచే పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. దాన్ని విడదీసిన ఇద్దరిలో ఒకరు మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణి. ఆ మందు నీళ్లలో కరగదు. కరిగించడానికి ఏం వాడారో తెలుసా? ఆముదంతో చేసిన ద్రావకం! అది కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం తెచ్చేది. ముందుగా స్టెరాయిడ్ ఇచ్చి గానీ ఎక్కించేవారు కాదు. చివరికి 2005లో, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు తగిలించి ఇచ్చే రకం వచ్చింది. చెట్టు దొరకడం ఒక ఎత్తు, దాని మందును ఒంట్లోకి పంపడం ఇంకో ఎత్తు. రెండోదానికి నలభై ఏళ్లు పట్టింది.

నాకు మాత్రం ఏడాదికోసారి గడువు. ఒప్పందం పొడిగించాలి, దాన్ని బట్టి వర్క్ పర్మిట్. ఒకసారి పొడిగింపు కాగితం పర్మిట్ అయిపోవడానికి పదకొండు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ రెండు నెలలూ కొత్త పెరుగు డబ్బా కొనాలన్నా తేదీ చూసి, అప్పటికి ఇక్కడ ఉంటానా అని లెక్క వేసుకునేదాన్ని. ఇంటికి మాత్రం "అంతా బాగానే ఉంది" అనేదాన్ని. నాన్న కూడా షుగరు సంగతి నాకలాగే చెబుతారు.

సంక్రాంతికి వెళ్లాను. పెరట్లో చాకిరేవు బండ పక్కన బిళ్ళగన్నేరు గులాబీ, తెలుపు పూలతో విరగబూసి ఉంది. కింది ఆకులు వరసగా గిల్లేసి ఉన్నాయి. పక్కింటి మేకలు గోడ దాటి వచ్చి మందారం తిన్నాయి గానీ దాని జోలికి పోలేదు. నాన్నను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆకు సంగతి నేనే బయటపెట్టాను. డాక్టరు తలెత్తి, "వచ్చినవాళ్లలో చాలామంది ఏదో ఒక ఆకు నములుతారమ్మా. అడిగితే చెప్పరు" అని రక్తపరీక్ష రాశారు. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. "చూశావా!" అన్నారు నాన్న. పైగా ఎలుకల్లో ఈ ఆకు చక్కెర తగ్గించిందని చెప్పే పరిశోధన ఒకటి ఫోనులో తీసి చూపించారు. ఉన్న మాటే, అలాంటివి ఉన్నాయి. నాలుగు ఆకుల్లో ఏం ఎంత ఉందో, అందులో పేగు ఎంత పీల్చుకుందో, ఆయన వేసుకునే మాత్రలతో కలిసి అది ఏం చేస్తుందో నా దగ్గర లెక్క లేదు. లెక్క లేకపోవడమే నా భయమని చెబితే, అది వాదన కాదు పొమ్మన్నారు.

మాన్పించింది అమ్మ. "పిల్ల రెండు జతల గ్లౌజులు తొడుక్కుని గానీ ముట్టుకోనిదాన్ని మీరు నోట్లో వేసుకుంటారా?" అంది, పప్పు వడ్డిస్తూ. మర్నాటి నుంచి ఆకు ఆగిపోయింది.

మొన్న గురువారం బస్సులో ఉండగా నాన్న ఫోటో పంపారు. కొత్త కుండీ, మెలి తిరిగిన కాడ, దళసరి పచ్చటి ఆకులు. కింద రాశారు: "ఇన్సులిన్ మొక్క. ఆకు పుల్లగా ఉంది, చేదు లేదు. ఇంకా నమలలేదు, రుచి మాత్రం చూశాను. దీని మీద పేపర్లు ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పమ్మా."

ఇంటికి వెళ్లి, కుక్కర్‌లో బియ్యం పెట్టి, వెతకడం మొదలుపెట్టాను.