సలేశ్వరం లింగమయ్య దగ్గరికి

నల్లమల అడవిలోని సలేశ్వరం లింగమయ్య ఏడాది పొడుగునా దొరికే దేవుడు కాదు. చైత్ర పౌర్ణమికి కొద్దిరోజులు అటవీశాఖ దారి వదులుతుంది, అంతే. మిగతా కాలమంతా అది పులుల చోటు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు మరి. మాతో వచ్చిన బాబాయి "దేవుణ్ణి చూడ్డానికి కూడా పర్మిషనా" అని దారంతా విసుక్కున్నాడు. ఆ జనాన్ని చూశాక నాకైతే కట్టడి ఉండటమే నయమనిపించింది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డులో మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి తిరగాలి. నిజాం కాలంలో ఇక్కడ వేట బంగళా ఉండేది. రాంపూర్ చెంచుపెంట దాటి కొంత దూరం బండి పోతుంది. పెంట అంటే ఈ అడవిలో ఉండే చెంచు గిరిజనుల గూడెం. తర్వాత నడకే.

చైత్రమాసం ఎండ. ఆకు రాలిన చెట్ల కింద నీడ కూడా లేదు. కాలి కింద రాళ్లు జారుతుంటాయి. దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అంటారు, ఎక్కేవాళ్లు "పోతున్నం లింగమయ్యా" అంటారు. ఇద్దరు పక్కపక్కన పట్టని మలుపుల్లో ఈ కేకే మనకు హారన్. ఎదుట ఎవరో వస్తున్నారని కనబడక ముందే తెలిసిపోతుంది.

అడుగుకు చేరేసరికి లోయ బాగా ఇరుకైపోతుంది. పైనుంచి పడే నీళ్లు గుండంలోకి చేరతాయి. అంత ఎండాకాలంలోనూ ఒళ్లు జిల్లుమంది. స్నానం చేసి, తడిబట్టలతోనే గుహలోని లింగమయ్య ముందుకు వెళ్లాం. పూజారి చెంచాయన. వెనక తోపులాట. దర్శనం నిమిషంలో అయిపోయింది.

గుహ బయట కూర్చున్న చెంచు అవ్వ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. శివుడు వేటకొచ్చి చెంచుపిల్లను చూసి మనసుపడ్డాడట, ఆమెను పెళ్లాడి చెంచు మల్లయ్య అయ్యాడట. శ్రీశైలం మల్లన్నను వాళ్లు అల్లుడనే అనుకుంటారు.

"మరి అల్లుడు ఏడాదికొక్కసారే కనబడతాడేం అవ్వా?"

"మీకు బిడ్డా. మాకు రోజూ ఉంటడు."

తిరిగి ఎక్కేటప్పుడు దారి పక్కన గుట్కా ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. లింగమయ్యా అని అరిచిన నోళ్లే అవన్నీ అక్కడ పారేసింది. చెంచు కుర్రాళ్లు కొందరు వాటిని సంచుల్లోకి ఏరుతున్నారు. 1940 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త వచ్చి వీళ్ల పెంటల్లో ఉండి వెళ్లాడు. 1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. అప్పటి నుంచి పెంటలు ఖాళీ చేయాలన్న మాట వస్తూనే ఉంది. పులికి, చెంచుకు ఈ అడవిలో ఎప్పుడూ పేచీ లేదని నా నమ్మకం.

మన్ననూరులో చాయ్ తాగుతుంటే యురేనియం సంగతి వచ్చింది. ఇక్కడ తవ్వుతారనగానే 2019లో ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. "తీర్మానం మంచిదే. కానీ కొత్త జీపు కనబడితే ఎవరిదని ఇప్పటికీ అడుగుతం" అన్నాడు హోటలాయన.