ఒత్తు బాకీ

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి పదమూడేళ్ళు. కంచం ముందు కూడా పుస్తకం ఉండాలి. అది లాక్కుంటే ఊరగాయ సీసా తిప్పి లేబుల్ చదువుతుంది. చిన్నాడికి తొమ్మిది. వాడికి పుస్తకం చూపిస్తే కడుపునొప్పి వస్తుంది. నటన కాదు, నిజంగానే వస్తుంది. "అక్కని చూడు" అనకూడదని నాకు తెలుసు. తెలిసీ ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్. వాడి బళ్ళో క్లాసు వెనకాల పుస్తకాల బుట్టలుంటాయి, ఒక్కో బుట్టకీ ఇంగ్లీషు అక్షరం అంటించి. అక్షరం ముందుకెళ్ళే కొద్దీ పుస్తకం కష్టం. ఎవరు ఏ బుట్టలోంచి తీసుకోవాలో టీచరు చెబుతారు. వాడిది 'జె'. వాడి పక్కన కూర్చునే స్నేహితుడిది 'పి'. ఎవరూ వెక్కిరించలేదట, కానీ ఆ బుట్ట దగ్గరికి వెళ్ళేటప్పుడు తన వీపు అందరికీ కనిపిస్తుందని ఒకరోజు వాళ్ళమ్మతో అన్నాడు. దానికితోడు రోజూ ఇంట్లో ఇరవై నిమిషాలు చదివినట్టు కాగితం మీద మా సంతకం కావాలి. శుక్రవారం పొద్దున్న కారులో కూర్చుని అయిదు రోజులకీ ఒకేసారి సంతకాలు గీకేసిన తండ్రిని నేనే.

ఈ జూన్‌లో విశాఖపట్నం వస్తూ మనసులో ఒక పథకం వేసుకున్నాను. పెదవాల్తేరులో మా ఇంటి అటక మీద చందమామలున్నాయి. మా నాన్న ఏడాదికో బైండు చొప్పున కుట్టించి దాచినవి. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. మా ఇంట్లో ఉన్నవి నా చిన్నప్పటివి. వేసవి సెలవుల్లో అరుగు మీద బోర్లా పడుకుని, ముంజలు తింటూ చదివినవి. వాటిని దింపి దుమ్ము దులిపి ముందు పెడితే చిన్నాడు కూడా బోర్లా పడుకుంటాడనుకున్నాను.

వాడు పడుకున్నాడు, వెల్లకిలా, ఫ్యాను కేసి చూస్తూ. మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏటిరా అది, ఆ గుంటడిని పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టీసావు? ఉక్కపోతకి చచ్చిపోతన్నాడు, బయటికి పోనీ" అంది.

మూడు రోజుల్లో ఆ బైండుల వల్ల జరిగిన మంచి ఒక్కటే. భుజాన శవంతో నడిచే రాజు బొమ్మ చూసి, ఇదేంటని అడిగాడు. చెప్పాను. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. "మరి తెలీదని అబద్ధం చెప్పొచ్చుగా?" అన్నాడు. నలభై మూడేళ్ళొచ్చాయి, నాకెప్పుడూ ఆ ఆలోచన రాలేదు. మా నాన్న పేపరు దించి, "విక్రమార్కుడు అబద్ధం ఆడడురా" అన్నారు. "అయితే అది బేతాళుడికి తెలుసు కదా, చీటింగ్" అన్నాడు. తాతా మనవడూ అరగంట వాదించుకున్నారు. నేను సంబరపడిపోయి, "ఇదిగో, ఇప్పుడు నువ్వే చదువు" అని బైండు చేతికిచ్చాను. అంతే, మళ్ళీ ఫ్యాను.

ఆ రాత్రి బుర్రకెక్కింది నాకు. వాడి తెలుగు అక్షరాల వయసు అయిదేళ్ళు, బుర్ర వయసు తొమ్మిదేళ్ళు. ఆదివారం తెలుగు క్లాసులో అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర బండి ఆగిపోయింది. వాడు చదవగలిగిన తెలుగు పుస్తకాల్లో మేక 'మే' అంటుంది, కాకి 'కా' అంటుంది. వాటిని చూస్తే వాడికి అవమానం. వాడి బుర్రకి సరిపోయే కథలో మొదటి వాక్యంలోనే మూడు సంయుక్తాక్షరాలు. మధ్యలో పుస్తకమే లేదు. ఇంగ్లీషులో 'జె' బుట్ట కూడా ఇలాంటిదే. బయట ఉండే తెలుగువాళ్ళ పిల్లల్లో చాలామందిది ఇదే అవస్థ అనుకుంటాను. మనమేమో "వాడికి ఆసక్తి లేదండీ" అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

అక్షరాలు తక్కువుండాలి, బుర్రకి పని ఎక్కువుండాలి. అలాంటి పుస్తకం ఎక్కడుందా అని నేను ఫోన్లో వెతుక్కుంటుంటే, వాడికి అది రోడ్డు మీద దొరికింది.

ఆటోలో వెళ్తుంటే ఎదురొచ్చే సిటీ బస్సుల నుదుటి మీద ఊరి పేరు ఉంటుంది కదా. మా నాన్న ఉద్యోగమంతా పోర్టులో చేసి రిటైరైన మనిషి, పందెం లేకుండా ఏ పనీ చెయ్యరు. "బస్సు మనని దాటేలోగా చదివితే అయిదు రూపాయలు" అన్నారు. మొదటి రోజు ఆరిలోవ దొరికింది. గాజువాక దొరికింది. భీమిలి అయితే కూడబలుక్కోకుండానే చెప్పేశాడు. వీటిలో ఒక్క ఒత్తు కూడా లేదని అప్పటిదాకా నేను గమనించనే లేదు. సింహాచలం కొంచెం ఆలస్యమైంది కానీ వచ్చింది. మద్దిలపాలెం దగ్గర వాడు "మదిల..." అనేసరికి బస్సు దాటిపోయింది. "ద కింద ద ఉందిరా, అది తినీసావు" అన్నారు నాన్న. పెందుర్తికి నాలుగు రోజులు పట్టింది. 'ర్తి'లో ముందు పలికేది పైన ఉంటుందో కింద ఉంటుందో వాడికి అంతుపట్టలేదు. అయిదో రోజు ఇసుకతోట దగ్గర సిగ్నల్ పడి, పెందుర్తి బస్సు మా పక్కనే ఆగింది. వాడు తల బయటికి పెట్టి పెదాలు కదుపుకుంటూ రెండుసార్లు అనుకుని, మూడోసారి గట్టిగా అరిచాడు. డ్రైవరు ఎవరో పిలిచారనుకుని కిటికీలోంచి చూశాడు.

అక్కడ్నుంచి పొడుపు కథలకి వచ్చాం. ఇది మా అమ్మ పుణ్యం. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన కూరలు సర్దుతూ, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు, ఏటవి?" అంది. వాడు ఫ్రిజ్ అన్నాడు, ఏసీ అన్నాడు, లిఫ్ట్ అన్నాడు. మామ్మ కళ్ళు టపటపలాడించి చూపించింది. వాడికి కోపం వచ్చింది, ఇంకోటి అడగమన్నాడు. మర్నాడు ద్వారకానగర్ వెళ్ళినప్పుడు పల్చటి పొడుపు కథల పుస్తకం ఒకటి కొన్నాను. సమోసాలు కట్టిచ్చే కాగితం లాంటి కాగితం, బొమ్మలు కూడా సరిగ్గా లేవు. అమెరికాలో అయితే చేత్తో ముట్టుకోను. వాడు చదివిన మొదటి తెలుగు పుస్తకం అదే.

ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఒకటో రెండో వాక్యాలు, అయిపోతుంది. అయినా అయిపోదు, ఎందుకంటే జవాబు వెతకాలి. మేక 'మే' అనడం లాంటి చిన్నతనం అందులో లేదు. పైగా చదివినవాడి చేతిలో ఆయుధం ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళని ఓడించొచ్చు. "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అని ఒకటుంది. చిన్నాడు నిమిషం కూడా ఆలోచించకుండా "డ్రోన్" అన్నాడు. జవాబు ఉత్తరం. మా ఇంట్లో ఎవరూ ఉత్తరం రాయగా వాడు చూసుండడు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళని తాతయ్య చెప్పగానే, తొంభైని ఎనిమిదితో హెచ్చవేసి ఏడువందల ఇరవై అన్నాడు. "అయితే డ్రోన్ కాదులే, బ్యాటరీ అయిపోతుంది" అని తనే ఒప్పుకున్నాడు.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి మొదట సోమవారం తీసుకెళ్ళాను. సోమవారం దానికి సెలవు. మురీ మిక్స్చర్ కొనిపెట్టి ఊరుకోబెట్టి, మర్నాడు మళ్ళీ వెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుని, 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా ఉన్న ఓడ అది. తొంభై ఒక్క మీటర్ల పొడుగు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచుకుని దూరాలి. నాకు నడుం పట్టేసింది, వాడు ఎలకపిల్లలా దూరిపోయాడు. గైడుగా ఉన్నాయన నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. "నీళ్ళ కింద ఛార్జింగ్ ఎలా పెడతారు?" అని చిన్నాడు అడిగాడు. "నీటి పైకొచ్చి డీజిల్ ఇంజను నడిపి బ్యాటరీలు ఛార్జి చేసుకుంటాం బాబూ, ఆ తర్వాతే మునక" అన్నారాయన. వాడు ప్రతి బోర్డు దగ్గరా ఆగాడు. ఆగి చదివాడు. వెనక జనం తోసుకుంటున్నా కదల్లేదు. 'జె' బుట్ట పిల్లాడు చదవాల్సిన ఇంగ్లీషు కాదది.

ఆ సాయంత్రం పుస్తకాల షాపులో వాడి చేతికి అయిదువందలిచ్చాను. నేను అడ్డు రానని మా ఆవిడకి మాటిచ్చాను కూడా. నా చేతిలో మాత్రం నున్నటి కాగితం, రంగుల బొమ్మల పంచతంత్రం ఉంది. దాన్ని వాడి కళ్ళకి ఆనేలా పట్టుకుని తిరిగాను. వాడు ఒకసారి తీసి చివరి పేజీ చూసి ఇచ్చేశాడు. కథ చివర గీతల పెట్టెలో 'నీతి' అని ఉంది. "కథ చదివాక మళ్ళీ ఎందుకు చెప్తారు? నాకు అర్థం కాదనా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళ దగ్గర ఉందేమో.

వాడు కొన్నవి: ఓడలూ సబ్‌మెరైన్లూ ఎలా పనిచేస్తాయో కోసి చూపించే ఇంగ్లీషు పుస్తకం ఒకటి, హైస్కూలు పిల్లలది. జోకుల పుస్తకం ఒకటి, జోకులు మహా నాసిరకం. టింకిల్ అనే బొమ్మల కథల పత్రిక పాత సంచికలు రెండు. మొదటిదాంట్లో సగం మాటలు వాడికి రావు. అయినా సబ్‌మెరైన్ మునగడానికి ట్యాంకుల్లోకి నీళ్ళు నింపుకుంటుందనీ, తేలడానికి గాలితో ఆ నీళ్ళని గెంటేస్తుందనీ రెండో రోజుకి మా అందరికీ తెలిసిపోయింది. బాత్రూంలో బకెట్టూ, ప్లాస్టిక్ సీసా పెట్టి చేసి చూపించాడు. ఆ పూట కొళాయి నీళ్ళన్నీ అయిపోయాయని మామ్మ కేకలేసింది.

బొమ్మల కథలు చదవడం చదవడమే కాదనే పెద్దలు మన చుట్టాల్లో చాలామంది. నేనూ ఆ జాతే. ఇప్పుడు నోరు మూసుకున్నాను. నచ్చకపోతే పదో పేజీలో పుస్తకం మూసేసే హక్కు కూడా ఇచ్చేశాను. నేను సగంలో వదిలేసినవి అటక నిండా ఉన్నాయి మరి. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. చదవనంటున్న పిల్లల్ని తిట్టేముందు కళ్ళు పరీక్ష చేయించండి. వాడు నిజంగా కష్టపడుతున్నా అక్షరాలు తారుమారవుతుంటే, ఏళ్ళు గడిచినా చదువు కుంటుతుంటే, డిస్లెక్సియా ఏమో చూపించండి. అది బద్ధకం కాదు, పుస్తకం మారిస్తే పోయేదీ కాదు. మావాడికి రెండూ చూపించాం, ఏమీ లేదన్నారు. ముందే చూపించి ఉంటే రెండేళ్ళు వాడిని అంత సాధించేవాణ్ణి కాదు.

తిరిగొచ్చాక తెలుగు పుస్తకాలకి కరువేనని భయపడ్డాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది కదా, అందులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఆఫీసు ప్రింటర్ మీద నాలుగు వేసి, స్టేపుల్ కొట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా సోఫా చేతి మీద వదిలేస్తున్నాను. రెండు చదివాడు. రెండు అలాగే ఉన్నాయి. రాత్రి పూట మాత్రం నేనే చదివి వినిపిస్తాను, చందమామ బైండులోంచి. సూట్‌కేసులో ఇరవై మూడు కిలోలకి మించకుండా ఒక్కటే పట్టింది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి చదివి వినిపించడమేంటని మొదట సిగ్గుపడ్డాను. పెద్దది కూడా దుప్పటి ఈడ్చుకుని వచ్చి కూర్చుంటోంది. బళ్ళో కొత్త బుట్ట ఏదో ఇంకా అడగలేదు.

మొన్న ఆదివారం చిన్నాడు గీతల కాగితం మీద తనే ఒక పొడుపు కథ రాసి, ఫోటో తీసి తాతయ్యకి వాట్సాప్‌లో పంపాడు. "నీళ్ళ కోసం పుటింది. ఇసుకలో పడుకుంది. కడుపులో మంచాలున్నాయి. నిద్రపోయేవాళ్ళు లేరు." నేను దిద్దబోయాను. మా ఆవిడ కళ్ళతోనే ఆపేసింది.

పది నిమిషాల్లో నాన్న జవాబు వచ్చింది. "కుర్సురా. ఓడిపోయావు. ట కింద ట ఒకటి నాకు బాకీ."

వాడు ఆ కాగితం తీసి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత తాతయ్యకి అయిదు రూపాయలు డాలర్లలో ఎంతో లెక్కకట్టమని నన్ను అడిగాడు.