కాగితపు పూలను ఏ చెరువులో వదలాలి?

"నేను చేసిన దాన్ని నీళ్ళలో వేయను" అని మా అమ్మాయి తెగేసి చెప్పినప్పుడు, నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులేవీ పనికి రాలేదు. అది రంగు కాగితాలతో తను పట్టుదలగా పేర్చిన బతుకమ్మ. సద్దుల బతుకమ్మ నాడు అందరి బతుకమ్మలతో పాటు దాన్నీ సాగనంపాలని నేను అన్నాను. పోయిన ఏడాది బడిలో చేసిన టర్కీ కోడి ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉండగా, ఇంట్లో చేసిన బతుకమ్మ మాత్రం ఎందుకు మునగాలన్నది తన ప్రశ్న. పెద్దవాళ్ళు అలాగే చేశారని చెప్పాను. పెద్దవాళ్ళు కాగితంతో చేశారా అని అడిగింది.

శరదృతువు వచ్చిందంటే ఇక్కడ అమెరికా బడులలో పంటల పండుగ థాంక్స్‌గివింగ్ కాగితాల మీదనే మొదలవుతుంది. అరచేతిని కాగితానికి ఆనించి చుట్టూ గీత గీయించి, బొటనవేలును తలగా, మిగిలిన వేళ్ళను ఈకలుగా మార్చి టర్కీ కోడిని చేయిస్తారు. గోధుమరంగు కాగితాన్ని కొమ్ములా చుట్టి, అందులో నుంచి ద్రాక్ష, గుమ్మడి, మొక్కజొన్న పొర్లి పడుతున్నట్లు అతికిస్తారు. ఆ పండుగ వచ్చే నవంబరు నాలుగో గురువారం దాకా ఇంటి గోడలకు ఇదే అలంకారం. వాటిలో నాకు తప్పేమీ కనబడదు. అయితే పంట అనగానే నా పిల్లల కళ్ళ ముందు వరి మడి గానీ కంది చేను గానీ కాకుండా ఆ కొమ్ము బుట్ట మెదలడం మాత్రం, నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింది ఊరిలో పుట్టిన నాకు మింగుడు పడలేదు. అదే కత్తెరతో, అదే జిగురుతో మన పంటలనూ మన పూలనూ చేయించాలన్న మొండిపట్టు అలా మొదలయింది.

ఈ పనికి పూనుకునేవారికి చేతనయినంత చెబుతాను. గునుగు పూలకు తెల్లటి క్రేప్ కాగితాన్ని మించినది లేదు. సన్నని పట్టీగా కోసి, ఒక అంచును కుచ్చులా కత్తిరించి, వెదురు పుల్ల చుట్టూ చుట్టుకుంటూ పోతే గునుగు కంకి వచ్చేస్తుంది. గులాబి రంగు క్రేప్ ముక్కను గిన్నెడు నీళ్ళలో నానబెడితే రంగంతా నీళ్ళలోకి దిగుతుంది; ఆ నీళ్ళను తెల్ల గునుగు కొసలకు తాకించి తీస్తే, ఊళ్ళో గునుగుకు రంగు అద్దినట్లే ఉంటుంది. ఎక్కువసేపు ముంచితే మాత్రం కాగితం జావగా మారుతుంది. బంతి పూలకు పలుచని టిష్యూ కాగితాలను దొంతరగా పెట్టి, విసనకర్రలా మడిచి, నడుమ దారంతో బిగించి, పొర తరువాత పొరను విప్పుకుంటూ రావాలి. గుమ్మడి పువ్వుకు రేకులు కోసేటప్పుడు క్రేప్ ముడతలు రేకు పొడవునా ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే అది ఒక దిక్కుకే సాగుతుంది. అప్పుడే రేకును బొటనవేళ్ళతో లాగితే దొప్పలా వంగుతుంది. తంగేడు ఒక్కటే లొంగదు. ఆ గుత్తి, ఆ మొగ్గలు, పచ్చటి ఆ రేకులు ఏ కాగితానికీ అందవు. 2014లో తెలంగాణ వచ్చిన తరువాత రాష్ట్ర పుష్పమయిన ఆ పువ్వు, నా చిన్నతనంలో కాలువ ఎక్కని చెలక గట్ల మీద ఎవరూ నీరు పోయకుండానే పూసేది. తోళ్ళను పదును చేయడానికి దాని బెరడును వాడేవారని పెద్దలు చెప్పేవారు.

ఇంత ఉపదేశం చేస్తున్న నేను నా జీవితంలో ఒక్క బతుకమ్మను కూడా పేర్చలేదన్న సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మా ఇంట్లో మగపిల్లల పని తెల్లవారకముందే సంచీ పట్టుకుని చెలకల వెంట తిరిగి పూలు తేవడమే. తెచ్చి వాకిట్లో కుప్ప పోసిన తరువాత ఏమి జరిగేదో నేను ఏనాడూ నిలబడి చూడలేదు. సాయంత్రానికి సిబ్బిలో బతుకమ్మ సిద్ధంగా ఉండేది. అందుకే మా అమ్మాయి ఏ వరుస తరువాత ఏ వరుస రావాలని అడిగితే, అమ్మకు వీడియో కాల్ చేయవలసి వచ్చింది. "ముందుగాల గుమ్మడాకులు పరువాలె బిడ్డా, నడుమ ఆకులు తుంచి నింపుకుంట పోవాలె" అని అమ్మ మనవరాలికి చెబుతుంటే, సంస్కృతిని అందించవలసిన తండ్రి పక్కన కూర్చుని జిగురు సీసాకు మూత పెట్టే పని చేశాడు.

మా చిన్నవాడి వ్యవహారం వేరు. వాడికి వరికోత చేయమని చెప్పి, పసుపు కాగితంతో కంకులను, అట్టతో కొడవలిని కత్తిరించి ఇచ్చాను. వాడు కొడవలిని పక్కన పెట్టి, అట్టపెట్టెకు సీసా మూతలతో చక్రాలు అతికించి వరికోత మిషన్ చేశాడు. పైగా మిషన్ వెనుక నల్లటి కాగితం పరిచి, దాని మీద వడ్లు ఆరబోశాడు. నల్లటి కాగితం ఏమిటని అడిగితే తారు రోడ్డు అన్నాడు. తాత ఫోన్‌లో చూపించింది వాడు ఉన్నది ఉన్నట్లుగా చేశాడు. ఇవాళ మా వైపు కోతలంటే అదే: మిషన్, ట్రాక్టర్, రోడ్డు మీద వడ్లు, కొనుగోలు కేంద్రం దగ్గర తాత పడిగాపులు. కొడవలి నేను ఊరు విడిచిన నాటి బొమ్మ. వాడి బొమ్మలో ఊరు ఉంది, నా బొమ్మలో నా బాల్యం ఉంది. ఆ రెండింటినీ నేను ఇన్నాళ్ళూ ఒకటే అనుకుని వాడి చేతిలో కత్తెర పెట్టాను.

నా పట్టుదలకు ఇంకో దెబ్బ గుమ్మడికాయ నుంచి తగిలింది. బడి గుమ్మడికాయలు చాలు, మన పూలు చేద్దామని నేను అన్నప్పుడు, గుమ్మడి మొదట పండింది అమెరికా ఖండాలలోనేనని, నానమ్మ ఆకు పరచమంటున్నదీ పువ్వు పెట్టమంటున్నదీ ఆ తీగదేనని మా అమ్మాయి గుర్తు చేసింది. అక్కడితో ఆగకుండా నేనే లెక్క తీయడం మొదలుపెట్టాను. మన బంతి పువ్వు మెక్సికో ప్రాంతం నుంచి వచ్చింది. మొక్కజొన్న, మిరప, పాలమూరు చెలకలలోని వేరుశనగ, అన్నీ అటు నుంచి సముద్రాలు దాటి వచ్చినవే. ఇవాళ నల్లగొండ చేలలో తెల్లగా విచ్చుకునే పత్తి రకాల పుట్టుక కూడా అటువైపే. మన పూలు, వాళ్ళ పూలు అని నేను మనసులో గీసుకున్న గీతకు ఇవతల గట్టిగా నిలబడింది తంగేడు. అదేమో కాగితంలో కుదరదు.

అయినా మా అమ్మాయి అడిగిన ప్రశ్న అలాగే ఉంది. నిజానికి పిల్లల కాగితపు పనులను పడేయడంలో నాకంటే అనుభవజ్ఞులు తక్కువ. ఎండుటాకుల దండలు, కాగితపు పళ్ళేల గుమ్మడికాయలు, రాలిన ఈకల టర్కీలు, అన్నీ వాళ్ళు నిద్రపోయాక నా చేతులమీదుగానే రీసైక్లింగ్ డబ్బాలోకి చేరాయి. వాటికి పాట లేదు, సాగనంపడం లేదు, పైన అట్టముక్కలు కప్పి దాచడం మాత్రం ఉంది. అటువంటి మనిషి వదులుకోవడంలోని గొప్పతనం గురించి కూతురికి చెప్పబోయాడు. ఇంకా ముందుకు వెళితే, ఆ కాగితపు బతుకమ్మకు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి ఊళ్ళో అందరికీ పంపిందీ, పాడుకాకుండా అద్దాల పెట్టెలో పెడదామా అని ఒకసారి భార్యను అడిగిందీ నేనే.

జిగురునూ రంగునూ పార్కులోని చెరువులో కలపడం ఎలాగూ మంచిది కాదు గనుక, చివరకు దుకాణంలో కొన్న బంతి, చామంతులతో మా ఆవిడ చిన్నదొకటి పేర్చింది. అది నీళ్ళకు వెళ్ళింది, కాగితపుది ఇంట్లో ఉండిపోయింది. అందరూ సంతోషించారు, నేను తప్ప. పూలు వాడిపోతాయి కాబట్టి వాడకముందే నీళ్ళలో వదలడంలో ఒక న్యాయం ఉంది. వాడని దాన్ని చేయడం నేర్పింది నేను. చెలకలు లేని చోట పిల్లలకు కాగితమే దొరికిందని సమాధానపడదామంటే, నాకు కావలసింది వాళ్ళు ఆ బొమ్మను దాచుకోవడమా, లేక మళ్ళీ మళ్ళీ చేసి మళ్ళీ మళ్ళీ వదిలేయడమా అన్నది నాకే తేలడం లేదు.

ఈ థాంక్స్‌గివింగ్ సెలవులలో మళ్ళీ కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, వచ్చే ఏడాది జిగురు లేకుండా పేరుద్దామా అని మా అమ్మాయిని అడిగాను. జిగురు లేకపోతే నిలబడదు కదా అన్నది. అమ్మ పేర్చినవన్నీ జిగురు లేకుండానే నిలబడ్డాయని చెప్పాను. ఎలా నిలబడ్డాయని అడిగితే మాత్రం నాకు తెలియదు. మళ్ళీ అమ్మనే అడగాలి, కానీ అక్కడ ఇప్పుడు కోతలు నడుస్తున్నాయి. వడ్లు కాంటా అయ్యేదాకా వాళ్ళు ఫోన్ ఎత్తరు.