అలాస్కాలో ముగ్గురు జడ్జిల కోర్టు

తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపితే ఎంత నేలో, అలాస్కా దానికి ఆరు రెట్లు. జనం ఏడు లక్షల పైచిలుకు. ఇంత అమెరికా రాష్ట్రానికీ ఫెడరల్ ట్రయల్ కోర్టులో, అంటే కేంద్ర చట్టాల కేసులు మొదట విచారించే కోర్టులో, జడ్జి పోస్టులు మూడే. నేను యాంకరేజ్‌లో ఒక ఆయిల్ కాంట్రాక్టర్ దగ్గర ఖర్చుల అంచనాలు వేస్తాను. ఈ ఉద్యోగంలో క్రూడ్ ధర తర్వాత మేము ఆరా తీసేది ఆ కోర్టు గురించే.

చమురు తవ్వే ఉత్తర కొస నార్త్ స్లోప్‌లో బరువైన సామాను కదలాలంటే చలికాలంలో వేసే ఐస్ రోడ్లే దిక్కు. ఆ కొద్ది నెలలు దాటితే మళ్ళీ వచ్చే చలికాలమే. అంటే కోర్టులో నెల ఆలస్యమైతే మాకు ఏడాది పోవచ్చు. అక్కడి విల్లో అనే చమురు ప్రాజెక్టు అనుమతిని 2021 ఆగస్టులో జడ్జి షారన్ గ్లీసన్ కొట్టేశారు, పర్యావరణ సమీక్షలో లోపాలున్నాయని. వీసా మీద ఉన్న మా బోటివాళ్ళకి ఆ వారమంతా ఒకటే టెన్షన్. 2023లో ప్రభుత్వం కొత్త అనుమతి ఇచ్చింది. మళ్ళీ కేసులు, మళ్ళీ అదే జడ్జి. ఆ నవంబరులో అనుమతి చెల్లుతుందన్నారు. మొదటి తీర్పుకు ఆవిణ్ణి తిట్టిపోసినవాళ్ళే రెండోదానికి "న్యాయమంటే అదీ" అన్నారు. రెండుసార్లూ ఆవిడ చూసింది కాగితాలనే అని నా నమ్మకం.

అలాస్కాలో ఫెడరల్ జడ్జి అయిన తొలి మహిళ ఆవిడ. 2012 నుంచి ఉన్నారు. 2021 చివర్లో ఒక సీటు ఖాళీ అయింది. 2024 జులైలో జాషువా కిండ్రెడ్ రాజీనామా చేశారు, తన దగ్గర పనిచేసే లా క్లర్కులతో ప్రవర్తించిన తీరుపై విచారణ జరిగాక. మూడు పోస్టుల్లో అప్పటికి మిగిలింది గ్లీసన్ ఒక్కరే.

మరి కేసులు ఎలా నడిచాయి? వేరే రాష్ట్రాల నుంచి వచ్చే జడ్జిలు కొన్ని చూశారు, ఇక్కడి వయసు మళ్ళిన జడ్జిలు కొన్ని చూశారు. మన దగ్గర హైకోర్టు జడ్జికి 62 రాగానే వీడ్కోలు సభ. ఇక్కడ పదవి జీవితాంతం. 65 దాటి పదిహేనేళ్ళ సర్వీసుంటే 'సీనియర్' హోదా తీసుకుని పని తగ్గించుకోవచ్చు, జీతం తగ్గదు. చేపలు పట్టుకుంటూ కూర్చున్నా అడిగేవాడుండడు. కానీ కూర్చోరు. రస్సెల్ హాలండ్‌నే చూడండి. 1984లో జడ్జి అయ్యారు. ఎక్సాన్ వాల్డెజ్ ఓడ 1989లో చమురు ఒలికిస్తే ఆ కేసు ఆయన దగ్గరికే వచ్చింది. 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్ల శిక్షా పరిహారం వేసింది. సుప్రీంకోర్టు దాన్ని 50 కోట్ల చిల్లరకి దించింది 2008లో. అప్పటికి హాలండ్ సీనియర్ జడ్జే.

ఇలా ఒక్కరి మీద బరువంతా పడటం నాకు భయమే. 1900లో బంగారం కోసం జనం ఎగబడ్డ అలాస్కా ఊరు నోమ్‌కి ఆర్థర్ నోయెస్ అనే జడ్జిని పంపారు. ఆయన ఒక రాజకీయ నాయకుడితో కుమ్మక్కై గనుల్ని అతని చేతిలో పెట్టాడు. అక్కడ అప్పీలు చేసుకోవాలంటే ఓడలో శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్ళాలి. 1901లో జేమ్స్ వికర్‌షామ్ వచ్చి ఆ కోర్టును దారిలో పెట్టాడు. చెడగొట్టినవాడూ ఒక్కడే, బాగుచేసినవాడూ ఒక్కడే.