ప్లాస్టిక్ మ్యాగజైన్‌కు నూనె పనికిరాదు: నా అనుభవం

2024 లోక్‌సభ ఎన్నికల సమయంలో బెంగళూరులో లైసెన్సు తుపాకులున్న చాలామందిలాగే నేనూ నా 12 బోరు పంప్ యాక్షన్ (ముందు పిడిని వెనక్కి లాగి తూటా ఎక్కించే) తుపాకిని డిపాజిట్ చేయవలసి వచ్చింది. మార్చి 16న ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చింది, ఏప్రిల్ 26న నగరంలో పోలింగ్ ముగిసింది, అయినా నియమావళి జూన్ 6 వరకు కొనసాగింది. అంతకాలమూ తుపాకి, దానితో వచ్చిన ప్లాస్టిక్ మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపే డబ్బాలు, ఒక ఆయుధాల డీలరు గదిలోనే ఉన్నాయి. రసీదు చూపించి తెచ్చుకున్న రోజున తుపాకితో పాటు మ్యాగజైన్లు కూడా నిగనిగలాడుతూ కనిపించాయి. ఇనుప భాగాలకు తుప్పు పట్టకుండా పూసే నూనెనే అక్కడివాళ్లు వాటికీ లోపలా బయటా పట్టించి ఉంచారు.

దాని ఫలితం తుపాకి పేల్చి సాధన చేసే రేంజికి వెళ్లాక తెలిసింది. పైనున్న తూటా బాగానే చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా పేలే చోటికి, ఎక్కింది. దాని కిందిది సగం దూరం లేచి, మూతి కిందికి వాలి ఆగిపోయింది. మ్యాగజైన్ మార్చినా అదే తంతు. అక్కడ ఆయుధాల మంచిచెడ్డలు చూసే పెద్దాయన అనంతపురం మనిషి. ఆయన మ్యాగజైన్‌ను ఖాళీ చేయించి, తూటాలను పైకి నెట్టే పలకను, అంటే ఫాలోవర్‌ను, బొటనవేలితో నొక్కి వదిలాడు. టక్కున లేవవలసిన ఆ పలక ఒక పక్కకు ఒరిగి, బద్ధకంగా పైకి వచ్చింది. "సార్, జబ్బు తుపాకిది కాదు, డబ్బాది. లోపల జిడ్డు పేరుకునింది. ఇంటికాడ కడుక్కోండి, దేంతో కడుగుతారో మాత్రం జాగర్త," అన్నాడు.

12 బోరు మ్యాగజైన్ ఇంత సున్నితంగా ఎందుకు ఉంటుందో అప్పుడే శ్రద్ధగా ఆలోచించాను. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో అదే 12 బోరు గొట్టం కొలత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులో వాడే తూటాలు రైఫిల్ తూటాల్లా గట్టి ఇత్తడివి కావు. అడుగున లోహపు టోపీ, దాని చుట్టూ బయటికి పొడుచుకు వచ్చిన అంచు, ఆ పైన మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. ఒక్కొక్కటి 40 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. అంత బరువును వరుసగా పైకి నెట్టవలసిన స్ప్రింగుకు, ఫాలోవర్ అంచులకు జిడ్డు కలిసిన దుమ్ము అడ్డుపడితే తూటా సమయానికి లేవదు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. మ్యాగజైన్‌ను నేలమీద పెట్టినప్పుడల్లా అంటుకునే బెంగళూరు ఎర్రమట్టి, కాలని మందు రేణువులు, తూటాల పక్కల నుంచి రాలే ప్లాస్టిక్ పొట్టు ఆ నూనెలో కలిసి ముద్దగా మారతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఆ నూనె తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌లోకి ఇంకితే తూటా పేలకపోవచ్చు, లేదా ఆలస్యంగా పేలవచ్చు. ఆ రెండోది మరీ భయంకరం.

ఇంటికి వచ్చాక తూటాలన్నిటినీ వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. తుపాకి చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి కూడా నిర్ధారించుకున్న తరువాతే పని మొదలుపెట్టాను. మ్యాగజైన్ అడుగు మూతను విప్పేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. మూత కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కనుక, చిన్న బొడిపెను లోపలికి నొక్కి మూతను జరిపేటప్పుడు రెండో చేతి బొటనవేలు దానిమీదే ఉండాలి, డబ్బా అడుగు మన ముఖం వైపు ఉండకూడదు. స్ప్రింగు బయటికి రాకముందే దాని పై చివర ఎటు తిరిగి ఉందో ఫోనుతో ఫోటో తీసుకున్నాను, ఎందుకంటే తిరగేసి పెడితే ఫాలోవర్ ఒరిగిపోతుంది.

ఇక దేనితో కడగాలన్నది. పెట్రోలు, థిన్నరు, గోళ్లరంగు తుడిచే ద్రావకం, కార్బ్యురేటర్ క్లీనర్ లాంటివి ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకూడదు. గాజు నారలు కలిపిన నైలాన్ కొంతవరకు తట్టుకుంటుంది గానీ, ఎన్ని తూటాలున్నాయో చూసుకోవడానికి పక్కన అమర్చే పారదర్శకమైన కిటికీ తరచుగా వేరే రకం ప్లాస్టిక్. అలాంటి ద్రావకం తగిలితే అది మసకబారి, సన్నటి గీతలుగా పగుళ్లు తేలుతుంది. ఇనుప గొట్టానికి వాడే బోర్ సాల్వెంట్‌ను కూడా నేను మ్యాగజైన్‌కు వాడను. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు, పిల్లల మెత్తటి టూత్‌బ్రష్, పాలసీసా కడిగే బ్రష్: ఇవి చాలు. లోపలి గాడుల్లో, మూలల్లో బ్రష్ తిప్పుతూ ఉంటే మొదట గోధుమరంగు నీళ్లు, తరువాత నల్లటి నూలుపోగుల్లాంటి జిడ్డు బయటికి వచ్చాయి. స్టీలు పీచు మాత్రం వద్దు, అది గీసిన గరుకులోనే మళ్లీ మురికి నిలుస్తుంది.

మా ప్రాంతంలో కుళాయికి వచ్చేది బోరు నీళ్లు. వాటితో కడిగి ఆరబెడితే ప్లాస్టిక్ మీద తెల్లటి సున్నపు పొర మిగులుతుంది, అది ఫాలోవర్ జారే దారిలో గరుకుగా తగులుతుంది. అందువల్ల చివరిసారి తాగే ఫిల్టరు నీళ్లతో కడిగాను. తరువాత డబ్బాలను తువ్వాలు మీద బోర్లించి, రాత్రంతా ఫ్యాను గాలికి ఉంచాను. ఎండలో గానీ, హెయిర్ డ్రయర్ వేడికి గానీ పెట్టకూడదు. పైఅంచులు, అంటే తూటాను పట్టి ఉంచే లిప్స్, కొద్దిగా వంగినా మ్యాగజైన్ పనికిరాకుండా పోతుంది. స్ప్రింగు ఇనుముది కాబట్టి దానికి ఒక్కదానికే నూనె అవసరం. గుడ్డకు ఒక్క చుక్క రాసి, దానితో స్ప్రింగును తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో చేతికి తడి తెలియనంతవరకు తుడిచాను. వానాకాలంలో ఈ పని వదిలేస్తే స్ప్రింగు మడతల్లో ఎర్రచుక్కలు కనిపిస్తాయి.

తిరిగి బిగించేముందు ప్రతి డబ్బానూ టార్చి వెలుగులో చూశాను. లిప్స్ మొదట్లో, వెనక కొక్కెం తుపాకికి తగులుకునే చోట, రెండు సగాలు అతికిన గీతమీద పగుళ్లు మొదలవుతాయి. ఒక డబ్బాలో ఎడమ లిప్ మొదట్లో వెంట్రుకంత గీత కనిపించింది. గోరుతో గీస్తే పట్టింది, అంటే అది మరక కాదు. జిగురుతో అతికించే ఆలోచన కూడా పెట్టుకోకుండా దానిని పక్కన పెట్టేశాను. శుభ్రం చేసుకోవడం వరకే మన పని, మరమ్మతు లైసెన్సున్న గన్‌స్మిత్ చేయవలసినది.

నింపడంలోనూ పద్ధతి ఉంది. ప్రతి పై తూటా అంచు దాని కింది తూటా అంచుకు ముందుండాలి, వెనకపడితే రెండూ కొక్కెంలా తగులుకుంటాయి. నింపి రోజుల తరబడి ఉంచకూడదు; స్ప్రింగు ఒత్తిడికి మెత్తటి ప్లాస్టిక్ తూటా గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, ఆ తూటా చాంబర్‌లో ఇరుక్కుంటుంది. కడిగిన మ్యాగజైన్లను ముందుగా పేలని డమ్మీ తూటాలతో పరీక్షించి, ఫాలోవర్ తిన్నగా, చురుగ్గా లేస్తోందని చూసుకున్న తరువాతే రేంజికి తీసుకెళ్లాను. అక్కడ ఒక్క తూటా కూడా వాలలేదు.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో తుపాకికి బొట్టు పెట్టడం ఆనవాయితీ. ఇప్పుడు ఆ పసుపు, కుంకుమ తుపాకి చెక్కపెట్టెకు పెడుతున్నాం. మ్యాగజైన్లను ఖాళీగా, సిలికా జెల్ పొట్లంతో పాటు మూత ఉన్న డబ్బాలో విడిగా ఉంచుతున్నాను. వాటి అడుగున తెల్ల పెయింటుతో అంకెలు వేశాను, ఏది మొరాయిస్తే దానిని వెంటనే గుర్తుపట్టి పక్కన పెట్టవచ్చు.