ఆజ్ నాటకానికి స్క్రిప్టు రాశాను

ఫాంటసీ సినిమా నచ్చితే దాని మూల నవల వెతికి చదవడం, చదివాక రెండింటికీ ఉన్న తేడాలు చెప్పి అందరి బుర్రలూ తినడం నాకు అలవాటు. అందుకే మా నాటక బృందం ఈసారి ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఆజ్’ వేద్దామనగానే స్క్రిప్టు నేనే రాస్తానన్నాను. 1939 నాటి సినిమా నాకు దాదాపు కంఠతా వచ్చు.

డైరెక్షన్ చేస్తున్న అక్క మొదటిరోజే ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. “సినిమా ఊసెత్తకు. పుస్తకం చూసి రాయి” అంది. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ఆ నవల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. సినిమావాళ్లు కొత్తగా కలిపినవాటిని మాత్రం మనం ముట్టుకోకూడదు. అంటే నాకు ప్రాణమైన పాటలు పోయినట్టే. కథానాయిక డొరొతీ కెంపు చెప్పులూ పోయాయి. పుస్తకంలో అవి వెండివి. టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతిలో తళుక్కుమనాలని సినిమాలో ఎర్రగా మార్చారు.

ముఖం మాడ్చుకునే పెన్సిల్ పట్టుకుని పుస్తకం తెరిచాను. సగానికొచ్చేసరికి కోపం పోయింది. సినిమాలో లేనివే స్టేజికి ఎక్కువ పనికొచ్చేలా ఉన్నాయి! మాంత్రికుడి దర్శనమే చూడండి. సినిమాలో డొరొతీ, ఆమెతో వచ్చిన దిష్టిబొమ్మ, రేకుమనిషి, సింహం నలుగురూ కోరికలు తీర్చమని అడగడానికి కలిసి వెళ్లి పెద్ద తలకాయను చూస్తారు. పుస్తకంలో రోజుకొకరు ఒంటరిగా వెళతారు. డొరొతీకి తల, దిష్టిబొమ్మకు అందమైన స్త్రీ, రేకుమనిషికి భయంకరమైన మృగం, సింహానికి నిప్పుల బంతి కనిపిస్తాయి. మొదటి మూడూ తెల్లగుడ్డ మీద నీడలుగా చూపించాం. నిప్పుల బంతిని చూపించనేలేదు. సింహం వేసినవాడి ముఖం మీద నారింజ రంగు లైటు వేసి, మిగతాది వాడి నటనకు వదిలేశాం. నాకైతే నాటకం మొత్తంలో అదే బాగా పండింది.

ఇక మాంత్రికుడుండే పచ్చల నగరం. ఈ సీను కోసం ఎన్నిసార్లు కొట్టుకున్నామో చెప్పలేను. పుస్తకంలో ద్వారపాలకుడు లోపలికి వచ్చే ప్రతివాళ్లకూ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి, తల వెనకాల తాళం వేస్తాడు. నగరం ధగధగలకు కళ్లు పోతాయని సాకు చెబుతాడు. నిజానికి ఆ ఊరు అన్ని ఊళ్లకంటే పచ్చగా ఏమీ ఉండదని తర్వాత మాంత్రికుడే ఒప్పుకుంటాడు. సెట్టు వెయ్యలేని మాబోటివాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? తాళం పడగానే లైటుకు పచ్చ జెలటిన్ కాగితం అడ్డుపెడితే చాలు, ఊరు వచ్చేస్తుంది.

రాయడం తేలికే. రిహార్సల్లో తాళం చప్పుడు లైట్ల దగ్గరున్న అబ్బాయికి వినపడేది కాదు. రంగు ముందే మారిపోయేది, లేదా సింహం రెండు డైలాగులు చెప్పేశాక మారేది. చివరికి అక్కే దారి చెప్పింది. ద్వారపాలకుడు తాళంచెవిని తలపైకెత్తి అందరికీ చూపించి, కిందికి దించాలి. చెయ్యి దిగితే రంగు మారాలి. ద్వారపాలకుణ్ణి నేనే (ఆడిషన్‌లో అడిగింది సింహం వేషం, అది వేరే కథ). ఒక రిహార్సల్లో నోరు జారి “పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చేనండీ” అనేశాను. అందరూ పడీపడీ నవ్వారు. అక్క మాత్రం నవ్వకుండా “ఉంచెయ్” అంది.

పింగాణీ బొమ్మల దేశం, పులితల జంతువులు వగైరాలకు కత్తెర వేశాం. రేకుమనిషి గతాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీయనివ్వలేదు. మంత్రం పెట్టిన గొడ్డలి ఒక్కో అవయవాన్నీ నరికేస్తుంటే, పోయినదాని బదులు రేకుది చేయించుకుంటూ వచ్చిన మనిషి వాడు. అది తీసేస్తే ఇక గుండె కావాలని ఎందుకడుగుతాడు?

వాడి మేకప్ దగ్గర మరో గొడవ. వెండి మెరుపు కోసం ముఖానికి అల్యూమినియం పొడి పూద్దామన్నారు కొందరు. సినిమాలో ఆ వేషానికి మొదట తీసుకున్న బడ్డీ ఎబ్సెన్ ఆ పొడి పీల్చి ఆసుపత్రి పాలయ్యాడని, తర్వాత వచ్చిన జాక్ హేలీకి పొడి మానేసి పేస్టు పూశారని చెప్పాను. సినిమా కబుర్లు పనికొచ్చింది ఆ ఒక్కసారే. మేం బూడిదరంగు ఫేస్ పెయింటుతో సరిపెట్టుకున్నాం.

ప్రదర్శన రోజు టెన్షన్‌తో నా చెయ్యి వణికింది. అయినా దిగాల్సిన క్షణానికే దిగింది. రంగు మారగానే హాల్లో “ఓ” అన్నారు. కామెర్ల డైలాగుకు చప్పట్లు పడ్డాయి.

ఇప్పుడు ‘పీటర్ పాన్’ అనుకుంటున్నాం. అది 1904లో నాటకంగానే పుట్టింది, నవల 1911లో వచ్చింది. పిల్లల్ని గాల్లోకి ఎలా ఎగరేస్తావని అక్క అడుగుతోంది. నీడలతో కుదురుతుందని నేనంటున్నాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.