తాతగారి నోటుపుస్తకాలను ఫోటోలుగా భద్రపరచడంలో డి3500 కెమెరా ఎంతవరకు ఉపయోగపడింది

మా తాతగారు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన వదిలి వెళ్ళిన నోటుపుస్తకాలలో పద్యాలు నీలి సిరాతోను, వాటి పక్కన రాగాల పేర్లు ఎర్ర సిరాతోను, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ ఆపాలో తెలిపే గుర్తులు పెన్సిలుతోను ఉన్నాయి. కాగితం బాగా పసుపెక్కింది, అంచులు వేలు తగిలితే పొడిగా రాలుతున్నాయి. జిరాక్సు తీయిస్తే రంగుల తేడా పోతుంది. స్కానరు మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగిపోతుంది. అందుచేత పుస్తకాన్ని కదపకుండా పైనుంచి కెమెరాతో తీయడం ఒక్కటే మార్గమని నిర్ణయించుకుని, ఇంట్లో ఉన్న నికాన్ డి3500తో ఆ పని చేశాను. అది 2018లో విడుదలైన ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండి లెన్సులు మార్చుకోగల కెమెరా. ఇప్పుడు దాని తయారీ ఆగిపోయింది కాబట్టి కొనదలచిన వారికి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది.

ఈ స్థాయి కెమెరాల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా చెప్పే లోపాలు కొన్ని ఉన్నాయి. ఫోకస్ పాయింట్లు పదకొండే, తెర మీద చూస్తూ తీసేటప్పుడు ఆటోఫోకస్ నెమ్మది, 4కె వీడియో లేదు, మైక్రోఫోను తగిలించుకునే వీలు లేదు. ఎగిరే పక్షినో పరుగెత్తే పిల్లవాడినో తీయవలసిన వారికి ఇవి నిజమైన లోపాలే. కాగితం కదలదు కాబట్టి నా పనిలో వీటిలో ఒక్కటీ అడ్డు రాలేదు. అడ్డు వచ్చినవి వేరే ఉన్నాయి, వాటి గురించి కొనే ముందు ఎవరూ హెచ్చరించరు.

ముందుగా బలం సంగతి చెప్పాలి. ఈ కెమెరా తీసే చిత్రం 6000 పిక్సెళ్ళ పొడవు, 4000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు కనుక పేజీని ఫ్రేము నిండా పట్టిస్తే అంగుళానికి 480కి పైగా పిక్సెళ్ళు వస్తాయి. చుట్టూ కొంత ఖాళీ వదిలినా 400కు తగ్గదు. చేతిరాతను భద్రపరచడానికి ఇది ధారాళంగా సరిపోయే వివరం. పైగా సెన్సర్ ముందు చిత్రాన్ని కాస్త మెత్తబరిచే లోపాస్ ఫిల్టర్ ఈ కెమెరాలో లేనందువల్ల, పెన్సిలు గీత కాగితపు గరుకు మీద ఎలా తెగుతూ సాగిందో కూడా స్పష్టంగా పడింది. ఫోనుతో కూడా కొన్ని పేజీలు తీసి పోల్చి చూశాను. ఫోను తనంతట తాను చిత్రాన్ని పదునుపెట్టి మరకలను నునుపు చేస్తుంది, ఆ క్రమంలో వెలిసిన పెన్సిలు గుర్తులను కూడా మరకలుగానే భావించి చెరిపేస్తుంది. డి3500లో రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారాన్ని మార్పులు లేకుండా దాచే ఫైలు) తీసుకుంటే అటువంటి జోక్యం ఉండదు.

రెండో బలం బరువు తక్కువ కావడం. బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ 415 గ్రాములే. స్టూడియోలలో వాడే కాపీ స్టాండు నా దగ్గర లేదు. ట్రైపాడ్‌కు అడ్డంగా ఒక చేయి బిగించి, దాని చివర కెమెరాను కిందికి చూసేలా వేలాడదీసి, రెండో చివర ఇసుక సంచిని కట్టాను. బరువైన కెమెరా అయితే ఆ చేయి వంగేది. తక్కువ ఖర్చుతో సరంజామా కూర్చుకునేవారికి ఈ తేలికదనం నిజంగా పెద్ద ఉపకారం.

కెమెరాను కాగితానికి సరిగ్గా సమాంతరంగా నిలపడం మొత్తం పనిలో అతి ముఖ్యమైన భాగం. కొంచెం వాలినా పేజీ ఒక పక్క వెడల్పుగా, మరో పక్క ఇరుకుగా వస్తుంది, ఒక మూల ఫోకస్ కూడా తప్పుతుంది. దీనికి ఒక పాత ఉపాయం ఉంది. పుస్తకం పెట్టే చోట ఒక చిన్న అద్దాన్ని పరిచి, కెమెరాలోంచి చూస్తూ, లెన్సు తన ప్రతిబింబం ఫ్రేముకు సరిగ్గా మధ్యలో కనబడే వరకు సర్దాలి. అప్పుడు కెమెరా నిటారుగా ఉన్నట్టే. అయితే ఈ సర్దుబాటు దగ్గరే డి3500 తొలి ఇబ్బంది ఎదురైంది. దీని తెర బాడీకి అతుక్కుని ఉంటుంది, బయటికి తిప్పుకునే వీలు లేదు. కెమెరా కిందికి చూస్తుంటే తెర పైకప్పును చూస్తుంది కనుక ప్రతిసారీ స్టూలెక్కి తొంగి చూడవలసి వచ్చేది. వ్యూఫైండర్ కూడా ఫ్రేములో 95 శాతమే చూపుతుంది, కాబట్టి అంచుల విషయంలో దానిని నమ్ముకోలేము. చివరికి మినీ హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కెమెరాను టీవీకి కలిపాను. పేజీ అంత పెద్ద తెర మీద కనబడడంతో ఫోకస్ చూసుకోవడం ఎంతో సులువైంది. తెర చూస్తూ తీయడం వల్ల బ్యాటరీ త్వరగా తరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి. ఒక చార్జింగ్‌కు 1550 చిత్రాలు అనే లెక్క వ్యూఫైండర్‌తో తీసినప్పటికే వర్తిస్తుంది. నేను రెండో బ్యాటరీ ఒకటి కొని ఉంచుకున్నాను.

కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్సును చాలామంది తీసిపారేస్తారు. అంత తేలికగా తీసేయదగినది కాదని ఈ పనిలో నాకు తెలిసింది. 18 దగ్గర గీతలు బయటికి ఉబ్బుతాయి, కానీ 35కు అటూ ఇటూగా పెట్టి ఎపర్చర్‌ను (వెలుతురు వచ్చే లెన్సు రంధ్రాన్ని) ఎఫ్/8కు తగ్గించి తీస్తే అక్షరాలు మూలల దాకా పదునుగా వస్తాయి. దాని చిక్కు మరో చోట ఉంది. ఈ ఏఎఫ్-పి రకం లెన్సులో ఫోకస్‌ను మోటారే నడుపుతుంది, చేత్తో తిప్పే రింగు కూడా ఆ మోటారుకే సంకేతం పంపుతుంది. కొంతసేపు ముట్టుకోకపోతే కెమెరా నిద్రలోకి వెళ్ళి, మళ్ళీ లేచేటప్పటికి ఫోకస్ స్థానం మారిపోయి ఉండవచ్చు. వరుసగా పేజీలు తిప్పుతూ తీసేవారికి ఇది ప్రమాదకరం, ఎందుకంటే చిన్న తేడా వెంటనే కనబడదు. అందుకని స్టాండ్‌బై సమయాన్ని బాగా పెంచి, పుస్తకం మార్చినప్పుడల్లా ఫోకస్ కొత్తగా సరిచూసుకునే పద్ధతి పెట్టుకున్నాను. వణుకు తగ్గించే వీఆర్‌కు లెన్సు మీద మీట లేదు, మెనూలోకి వెళ్ళి ఆపాలి. ట్రైపాడ్ మీద అది ఆగి ఉండడమే మంచిది.

ఆ తరువాత ఒక మిత్రుడు దగ్గరి వస్తువులను తీయడానికి నికాన్ చేసిన తన పాత 55 ఎంఎం మైక్రో నిక్కోర్ లెన్సును కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చారు. లెన్సును బిగించే నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి కొనసాగుతూ ఉండడం వల్ల అంత పాత లెన్సు కూడా ఈ కెమెరాకు బిగుస్తుంది. బిగుస్తుంది కానీ దానితో డి3500 వెలుతురును కొలవదు, ఫోకస్ కూడా చేత్తోనే చేసుకోవాలి. బాడీలో ఫోకస్ మోటారు లేదన్నది ఈ తరగతి నికాన్ కెమెరాల మీద ఎప్పుడూ వినబడే ఫిర్యాదు. నాకు మాత్రం దానితో పని పడలేదు. దీపాలు మారవు, దూరం మారదు, కనుక ఒకసారి హిస్టోగ్రాం (చిత్రంలో వెలుగునీడల పంపకం చూపే పటం) చూసి ఎక్స్‌పోజర్ (చిత్రానికి అందే వెలుతురు) స్థిరపరచుకుంటే పుస్తకమంతా అదే సరిపోతుంది. ముట్టుకుంటే తప్ప కదలని ఆ ఫోకస్ రింగు నాకు ఎంతో నిశ్చింతనిచ్చింది.

వెలుతురు కోసం రెండు ఎల్‌ఈడీ దీపాలను పుస్తకానికి ఇరువైపులా 45 డిగ్రీల కోణంలో పెట్టాను. కెమెరా మీది ఫ్లాష్ ఈ పనికి పనికిరాదు, నేరుగా పడి కాగితం మధ్యలో తెల్లని మచ్చ తెస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 పెడితే షటర్ దాదాపు అర సెకను తెరిచి ఉండవలసి వచ్చింది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేచేటప్పుడు కలిగే చిన్న అదురు ఎనిమిదో వంతు, పదిహేనో వంతు సెకను ఎక్స్‌పోజర్లలో అక్షరాలను మసకబారుస్తుంది. అర సెకను దాటితే ఆ అదురు మొత్తంలో చిన్న భాగమే అవుతుంది కాబట్టి నేను నెమ్మది షటర్‌నే కోరి ఉంచుకున్నాను. బటన్‌ను చేత్తో నొక్కకుండా ఫోనును బ్లూటూత్ ద్వారా రిమోట్‌గా వాడాను. వైఫై లేనందువల్ల ఫోనులో చిత్రం ముందుగా కనబడదు, ఫోనుకు తనంతట తాను వచ్చే నకలు కూడా 2 మెగాపిక్సెళ్ళదే, కానీ షటర్ నొక్కడానికి అది చాలు. తెల్లని పేజీని కెమెరా ఎప్పుడూ బూడిద రంగుగా లెక్కకట్టి చీకటిగా తీస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచి, బూడిద కార్డు మీద వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) పట్టుకుంటేనే ఎర్ర సిరా ఎర్రగా, నీలం నీలంగా నిలిచాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ధూళి. డి3500లో సెన్సర్‌ను తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు. మామూలు ఫోటోలలో కనబడని రేణువు, ఏకరీతిగా వెలిగే ఖాళీ కాగితం మీద బూడిద మచ్చగా తేలుతుంది, ఎపర్చర్‌ను ఎఫ్/11, ఎఫ్/16కు తగ్గించిన కొద్దీ ఇంకా నల్లబడుతుంది. పాత రాతలో అరసున్నలు ఉంటాయి, విరామ చుక్కలు ఉంటాయి, పెన్సిలు చుక్కలు ఉంటాయి. వాటి మధ్య కెమెరా కల్పించిన చుక్క ఒకటి చేరితే రేపు చదివేవారు దానిని మూలంలో ఉన్నదే అనుకోగలరు. అందువల్ల ప్రతి పుస్తకానికి ముందూ వెనుకా ఒక ఖాళీ తెల్ల కాగితాన్ని తీసి ఉంచాను. అన్ని చిత్రాలలోనూ ఒకే స్థానంలో కనబడే మచ్చ సెన్సర్‌ది, మారేది కాగితానిది. గాలి ఊదే రబ్బరు బ్లోయర్ తప్ప సెన్సర్ దగ్గరకు మరేదీ రానివ్వలేదు.

పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా, తీసే పేజీ బల్ల మీద చదునుగా ఉండేలా, రెండో సగం దిండుకు ఆనుకునేలా అమర్చి, ముందు కుడి పేజీలన్నీ, తరువాత ఎడమ పేజీలన్నీ తీశాను. పేజీ కింద నల్ల చార్టు ముక్క ఉంచితే వెనుక వైపు రాత ముందుకు తేలడం చాలావరకు తగ్గుతుంది. ఒక్కో రా ఫైలు సుమారు 20 మెగాబైట్లు ఉంటుంది కనుక రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులలో ఏ రోజుది ఆ రోజే చేర్చాను. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎరుపు ఛానెల్‌ను (చిత్రంలోని ఎరుపు వెలుతురు భాగాన్ని) మాత్రమే విడిగా చూసినప్పుడు, పసుపు కాగితం తెల్లబడి, దాదాపు వెలిసిపోయిన నీలి అక్షరాలు నల్లగా పైకి వచ్చాయి. కంటితో చదవలేక విడిచిపెట్టిన పద్యాలు కొన్ని అలా చదవగలిగాను. అదే ఛానెల్‌లో ఎర్ర సిరాతో రాసిన రాగాల పేర్లు మాయమవుతాయి కాబట్టి రంగు ఫైలును మాత్రం ఎప్పటికీ వదులుకోకూడదు.

నోటుపుస్తకాలతో పాటు పాత ఫోటోలు కూడా ఉన్నాయి. పోస్టుకార్డు పరిమాణం వరకు ఏ లెన్సయినా సరే, కానీ పాస్‌పోర్టు సైజు చిత్రాలకు మళ్ళీ ఆ 18-55 లెన్సే అక్కరకు వచ్చింది. 55 దగ్గర అది సుమారు ఆరు సెంటీమీటర్ల వెడల్పు వస్తువును ఫ్రేము నిండా చూపగలదు. అందరూ మెచ్చే 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అంత దగ్గరికి పోలేదు.

ఇంకా మిగిలినవి నాటక ప్రదర్శనల గోడపత్రికలు. వాటి కొలత 20 అంగుళాలు, 30 అంగుళాలు. మొత్తం ఒకేసారి తీస్తే అంగుళానికి 200 పిక్సెళ్ళే వస్తాయి, అడుగున సన్నని అక్షరాలతో అచ్చైన నటుల పేర్లకు అది చాలదు. ఒక్కో పత్రికను నాలుగు భాగాలుగా, అంచులు ఒకదాని మీదకొకటి వచ్చేలా తీసి కంప్యూటరులో అతకాలి. కెమెరాను జరపకుండా పత్రికనే పలక మీద జరుపుతూ తీయడానికి వీలుగా ఒక పెద్ద ప్లైవుడ్ పలకకు కొలతలు గీయించి ఉంచాను.